కొండమీది కోటలో రికార్డింగ్ స్టూడియో: మందపాటి గోడ తీర్చేదెంత, తీర్చనిదెంత

కొండమీది పాతకోటను స్టూడియోగా మార్చాలనే మాట రాగానే అందరూ ముందు గోడల మందాన్నే మెచ్చుకుంటారు. మీటరు మందం రాతిగోడ, చుట్టుపక్కల ఊరు లేదు, రహదారి లేదు, ఇక సౌండ్‌ప్రూఫింగ్‌తో పనేముంది అంటారు. ఆ మాట సగమే నిజం. గాలిలో వచ్చే శబ్దాన్ని ఆపడానికి ముఖ్యంగా కావలసింది బరువు. మీటరు మందం రాతిగోడ చదరపు మీటరుకు రెండు టన్నులకు పైనే తూగుతుంది, 70 డెసిబెళ్ల దాకా ఆపగలదు. కొత్తగా స్టూడియో కట్టేవాళ్లెవరికీ ఇంత బరువు గోడకు స్తోమత ఉండదు. చిక్కల్లా ఏమిటంటే, శబ్దానికి గోడతో పనిలేదు. గోడలో కన్నం ఎక్కడుందో దానికి కావాలి.

ఒక చిన్న లెక్క చూడండి. 40 చదరపు మీటర్ల గోడలో 2 చదరపు మీటర్ల కిటికీ ఉందనుకుందాం. గోడ 70 డెసిబెళ్లు ఆపుతుంది, ఒంటి అద్దం ఉన్న కిటికీ 30 ఆపుతుంది. రెండూ కలిపితే ఆ గోడ మొత్తంగా ఆపేది 43 డెసిబెళ్లే. గోడ మందం ఇంకో మీటరు పెంచినా ఆ 43 కదలదు. కోట నిండా ఇలాంటి బలహీన చోట్లే ఉంటాయి: బాణాలు వేసే సన్నటి రంధ్రాలు, పొయ్యిల పొగగొట్టాలు, గోడ మందంలోనే కట్టిన పాత మరుగుదొడ్ల బిలాలు, వంకర్లు తిరిగిన చెక్కతలుపుల కింద సందులు. గోడ కూడా పైకి కనిపించినంత గట్టిది కాకపోవచ్చు. చాలా కోటల్లో గోడకు లోపలా బయటా చెక్కిన రాయి ఉంటుంది, మధ్యలో రాళ్లముక్కలూ సున్నమూ పోసి నింపి ఉంటారు. వందల ఏళ్ల వానలకు ఆ సున్నం కరిగిపోయి లోపల డొల్లలు పడతాయి. సుత్తితో తట్టి వింటే కొంత తెలుస్తుంది, రేడియో తరంగాలతో లోపలిది చూపే గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ పెడితే స్పష్టంగా తెలుస్తుంది. డొల్లలు నింపేటప్పుడు సున్నపు గ్రౌటే వాడాలి, సిమెంటు వద్దు. ఎందుకు వద్దో తేమ సంగతి వచ్చినప్పుడు చూద్దాం.

ఊరికి దూరంగా ఉన్నామన్న నిశ్చింతను కొండగాలి పాడుచేస్తుంది. రెండు కొసలూ తెరిచి ఉన్న ఆరు మీటర్ల పొగగొట్టం మీదుగా గాలి వీస్తే దాని లోపలి గాలి 28 హెర్ట్జ్ దగ్గర మూలుగుతుంది. చెవికి అది సరిగా అందదు, మైకు మాత్రం వదలకుండా పట్టుకుంటుంది. అందుకే స్థలం చూడటానికి వెళ్లేది ప్రశాంతమైన మధ్యాహ్నం కాకూడదు. గాలి బాగా వీచే కాలంలో, రాత్రీ పగలూ కలిపి కనీసం ఒక వారం పాటు మీటరు పెట్టి నేపథ్య శబ్దం కొలవాలి. రికార్డింగ్ గదికి ఎన్.ఆర్. (నాయిస్ రేటింగ్, నేపథ్య శబ్దానికి వేసే అంకె) 15 నుంచి 20 మధ్య ఉండాలన్నది మామూలు లక్ష్యం. కోటలో ఆ అంకె ఎప్పుడు దాటుతోంది, దేనివల్ల దాటుతోంది అన్నది తేలాకే నకాశా (కట్టడం ప్లాను) గీయాలి.

హాలును చంపకండి

కోట హాలు ధ్వనిపరంగా ఎలా ఉంటుందో అంకెల్లో చూస్తే అసలు సమస్య అర్థమవుతుంది. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు ఉన్న హాలు తీసుకుందాం. ఘనపరిమాణం 576 ఘనపు మీటర్లు, లోపలి ఉపరితలం మొత్తం 432 చదరపు మీటర్లు. 1890ల్లో హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ సీట్ల దిండ్లు మోసుకొచ్చి పరుస్తూ, తీస్తూ రాబట్టిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది మొత్తం శోషణతో (ఉపరితలాన్ని, అది మింగే శబ్దపు వంతుతో గుణించిన అంకె) భాగిస్తే ప్రతినాదం, అంటే శబ్దం ఆగాక కూడా గదిలో మోగేది, నిలిచే కాలం వస్తుంది. రాయి తనమీద పడ్డ శబ్దంలో సుమారు 3 శాతమే మింగుతుంది. అంటే ఈ హాలు మొత్తం శోషణ 13 చదరపు మీటర్లే, ప్రతినాదం 7 సెకన్లు దాటుతుంది. ఇలాంటి చోట డ్రమ్ముల మీద వేగంగా వాయిస్తే ఒక దెబ్బ ఆరేలోపు ముప్పై దెబ్బలు దానిమీద పడతాయి.

దీన్ని 1 సెకనుకు తేవాలంటే మొత్తం శోషణ 93కు పెరగాలి. 100 మిల్లీమీటర్ల మందం రాతినార (రాక్‌వూల్, ఆస్బెస్టాస్ కాదు) పలకలు మధ్య ఫ్రీక్వెన్సీల్లో దాదాపు పడ్డ శబ్దమంతా మింగుతాయి కాబట్టి 80 నుంచి 90 చదరపు మీటర్ల పలకలు కావాలి. హాలు ఉపరితలంలో అయిదో వంతు కప్పేయాలన్నమాట. కప్పితే కోట కనబడదు, వినబడదు. కోట కోసం వచ్చినవాడికి మామూలు స్టూడియో దొరుకుతుంది, అదీ కొండెక్కి!

చాలా ప్రాజెక్టులు ఇక్కడే దారి తప్పుతాయి. ఎక్కువమంది వేసే తప్పటడుగు ఇంకొకటుంది: నేలంతా తివాచీలు, గోడలకు పల్చటి తెరలు. ఇవి పై ఫ్రీక్వెన్సీలనే మింగుతాయి. 100 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు పొడవే 86 సెంటీమీటర్లు, అంత పొడవైన తరంగాన్ని సెంటీమీటరు మందం తివాచీ ఏం చేస్తుంది? మెరుపు పోతుంది, బాస్ మాత్రం సొరంగంలో లారీలా గుడగుడలాడుతూ ఉంటుంది. రాతి హాలు సహజంగా ఎంత బాగుంటుందో, సగం తివాచీ పరిచిన రాతి హాలు అంత అధ్వాన్నం.

మా అంచనాలో కోటలో స్టూడియో పెట్టడానికి నిలబడే పద్ధతి ఒక్కటే. పెద్ద హాళ్లను దాదాపు ఉన్నవి ఉన్నట్టే వదిలేసి, శబ్దాన్ని నిక్కచ్చిగా వినాల్సిన కంట్రోల్ రూమునూ, పొడిగా, అంటే ప్రతినాదం లేకుండా, రికార్డు చేయాల్సిన ఒకటి రెండు గదులనూ మాత్రమే కోట లోపల వేరే పెట్టెలుగా కట్టడం. హాల్లో అవసరాన్ని బట్టి జరుపుకునే సామగ్రి చాలు: చక్రాల మీద నిలబెట్టే రెండు మీటర్ల గోబోలు (శబ్దాన్ని అడ్డుకునే పలకలు) ఎనిమిదో పదో, గోడకు 20 సెంటీమీటర్లు ఎడంగా పట్టాల మీద నడిచే బరువైన మడతల తెరలు. ఒకరోజు తెరలు లాగి గిటారు, మరురోజు తెరలు తీసేసి బృందగానం.

ఈ తేడా పాత అనుభవాల్లోనూ ఉంది. 1984లో ఐర్లండ్‌లోని స్లేన్ కోటలో యూ2 రాక్ బృందం రికార్డింగ్‌కు దిగినప్పుడు ఎత్తైన నాట్యశాల మీద ఆశ పెట్టుకున్నారు, పుస్తకాల గోడలున్న గ్రంథాలయం దానికంటే నయమనిపించింది. పుస్తకాల అరలు శబ్దాన్ని కొంత మింగుతాయి, మిగతాది చెదరగొడతాయి. ఆ కోటకు కరెంటు బోయిన్ నది మీది నీటిచక్రం నుంచి వచ్చేది, దాన్ని నమ్ముకుని పని చేయడం కష్టమే. కరెంటు సంగతికి మళ్లీ వద్దాం.

ఏ గది దేనికి

గదుల ఎంపికలో మొదటి కొలమానం నేల. కొండరాతి మీద నేరుగా కూర్చున్న కింది గదులకు ఎంత బరువైనా ఫరవాలేదు. డ్రమ్ముల గది, పియానో, మిక్సింగ్ కన్సోల్ అక్కడే ఉండాలి. పై అంతస్తుల్లో పాత దూలాల మీద వేసిన చెక్కనేల ఉంటే, 100 మిల్లీమీటర్ల కాంక్రీటు పలక ఒక్కటే చదరపు మీటరుకు 240 కిలోలు అని గుర్తుంచుకోవాలి, దూలాలు ఆ బరువు మోయలేవు. రాతి కమాను మీద నిలిచిన నేలది వేరే కథ. కమానుకు సమంగా పరచిన బరువు సమస్య కాదు. ఒకవైపునే పెద్ద బరువు పెడితే మాత్రం దాని ఒత్తిడిరేఖ పక్కకు జరిగి రాళ్ల కీళ్లు తెరుచుకుంటాయి. కన్సోల్ ఎక్కడ పెట్టాలో ధ్వని ఇంజనీరు ఒక్కడే నిర్ణయించకూడదు, పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు పక్కన ఉండాలి.

రెండోది ఆకారం. గుండ్రటి బురుజు గదిని చూడగానే కంట్రోల్ రూముకు బాగుంటుందనిపిస్తుంది, ఫొటోల్లో నిజంగానే బాగుంటుంది. గుండ్రటి గోడ శబ్దాన్ని మధ్యకు పోగేస్తుంది. గది నడుమ కూర్చున్నవాడికి బాస్ ఒకలా, అర మీటరు జరిగితే ఇంకోలా వినిపిస్తుంది. అక్కడ చేసిన మిక్స్ బయట ఎక్కడా నిలవదు. బురుజులోనే చేయక తప్పదంటే లోపల నేరుగోడల పెట్టె కట్టాలి, వంపు గోడకూ పెట్టెకూ మధ్య మిగిలే చంద్రవంక ఖాళీల్లో బాస్ ట్రాపులు (బాస్ శబ్దాన్ని మింగే అమరికలు) అమర్చుకోవచ్చు. ఆ విధంగా చూస్తే బురుజు ఒక వరమే.

వంపు పైకప్పుకు ఒక సులువైన పరీక్ష ఉంది. నకాశా మీద పైకప్పు వంపును పూర్తి వృత్తంగా గీసి చూడాలి. వాయించేవాళ్ల తలలూ మైకులూ ఆ వృత్తం లోపల పడితే శబ్దం ఒకచోట కుప్పపడే ప్రమాదం ఉంది. వృత్తం నేలకు చాలా ఎత్తులోనే ముగిసిపోతే ఆ పైకప్పు శబ్దాన్ని వెదజల్లుతుంది, అప్పుడది మంచి గదే. ఎదురెదురు గోడల మధ్య టపటపమనే ప్రతిధ్వనిని చప్పట్లు కొట్టి పట్టుకోవచ్చు. 8 మీటర్ల ఎడముంటే 47 మిల్లీసెకన్లకొకసారి తిరిగొస్తుంది. ఒక గోడకు పుస్తకాల బీరువాలు చేరిస్తే చాలావరకు విరుగుతుంది.

పెట్టెలో పెట్టె

కంట్రోల్ రూము కోట గోడలను ఎక్కడా తాకకూడదు. కారణం ఒకటి కాదు, రెండు. ధ్వని కారణం: రాయి గాలి శబ్దాన్ని ఆపుతుంది గాని, తనను తాకిన అదురును హాయిగా మోసుకుపోతుంది. వంటగదిలో తలుపు ధనాలున వేస్తే మూడు గదుల అవతల మైకులో వినపడుతుంది. రెండో కారణం తేమ, అది తరవాతి భాగంలో ఉంది.

నేల ముందు. తేలే నేలను రబ్బరు దిమ్మెల మీదో స్ప్రింగుల మీదో నిలబెడతారు. దాని సహజ ఫ్రీక్వెన్సీ, అంటే కదిపి వదిలితే తనంతట తాను ఊగే వేగం, ఎంత తక్కువుంటే అంత మేలు. బరువు పెట్టాక దిమ్మె ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో చూసి, ఆ అంకె వర్గమూలంతో 15.8ని భాగిస్తే సహజ ఫ్రీక్వెన్సీ వస్తుంది. 2.5 మిల్లీమీటర్లు కుంగితే 10 హెర్ట్జ్, 10 మిల్లీమీటర్లు కుంగితే 5 హెర్ట్జ్. 10 హెర్ట్జ్ నేల, బాస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర సుమారు 24 డెసిబెళ్లు తగ్గిస్తుంది. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు దిమ్మెలు ఎక్కువ పెట్టడం. ఎక్కువ పెడితే భద్రమని అనిపిస్తుంది, నిజానికి ఒక్కోదాని మీద బరువు తగ్గి అది కుంగదు, కుంగనిది అదురు ఆపదు. కన్సోల్, మనుషులు, లోపలి గోడలు అన్నీ కలిపి బరువు లెక్కగట్టి తయారీదారు పట్టికలోంచి దిమ్మెలు ఎంచాలి.

బరువు మోయలేని చోట కాంక్రీటు బదులు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మూడు పొరలు వేయవచ్చు. చదరపు మీటరుకు 35 కిలోలు వస్తుంది. కీళ్లు ఒకదానిమీద ఒకటి పడకుండా అడ్డంగా వేసి, పొరల మధ్య అదురు మింగే జిగురు రాయాలి. బాస్ విషయంలో ఇది కాంక్రీటుతో సాటి రాదు, కంట్రోల్ రూముకు చాలు, డ్రమ్ములకు చాలదు.

లోపలి గోడ ఈ నేలమీదే నిలబడాలి. స్టీలు లేదా చెక్క చట్రం, లోపలివైపు జిప్సం బోర్డు రెండు మూడు పొరలు, చట్రంలో రాతినార. రాతిగోడకు 15 సెంటీమీటర్లు ఎడం, జిప్సం చదరపు మీటరుకు 25 కిలోలు ఉంటే ఈ జంట అదిరే ఫ్రీక్వెన్సీ 31 హెర్ట్జ్ దగ్గర వస్తుంది, సంగీతంలో ఎక్కువ భాగం దానికి పైనే ఉంటుంది. ఎడం పెరిగితే ఇంకా కిందికి దిగుతుంది. ఇంత శ్రమనూ ఒక్క పొడవాటి మేకు పాడుచేయగలదు. చట్రం ఊగుతోందని పనివాడు దాన్ని రాతికి బిగించేస్తే రెండు పెట్టెలూ ఒకటైపోతాయి. ఎడంలో రాలిపడ్డ సున్నపు ముద్ద, దిమ్మెల మధ్య ఇరుక్కున్న గులకరాయి చేసేదీ అదే. బోర్డు మూసేముందు టార్చిలైటు వేసి ఎడమంతా చూసి, ఫొటోలు తీసి ఉంచుకోవాలి. తరవాత చూడాలంటే పగలగొట్టాల్సిందే.

తలుపుల విషయంలో ఒక్క అంకె చాలు. 2 చదరపు మీటర్ల తలుపు 50 డెసిబెళ్లు ఆపగలదనుకుందాం. దాని కింద 1 మిల్లీమీటరు సందు వదిలితే అది 33 దగ్గరికి పడిపోతుంది. అందుకే ఒక్క మంచి తలుపు కంటే మధ్యలో చిన్న గది వదిలి పెట్టిన రెండు మామూలు బరువు తలుపులు నయం, కింద జారే సీలు, చుట్టూ రెండు వరసల రబ్బరుతో. కోట గోడ మందమే ఆ మధ్యగదికి చోటిస్తుంది. పాత చెక్కతలుపు తీయనక్కర్లేదు, బయట అలాగే ఉంటుంది. కిటికీదీ ఇదే తీరు. పాతది బయట ఉంటుంది, లోపలి పెట్టెకు వేరే కిటికీ. కొత్త అద్దాలు రెండు వేసేటట్టయితే ఒకటి 10, ఇంకొకటి 12 మిల్లీమీటర్లు. మందాలు వేరైతే రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర బలహీనపడవు.

లోపల ప్రతినాదం ఎంత తక్కువుండాలి? యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ సిఫార్సు ప్రకారం 124 ఘనపు మీటర్ల గదికి 0.27 సెకన్లు. అంటే 7 మీటర్లు, 5.2 మీటర్లు, 3.4 మీటర్ల పెట్టెకు. హాల్లో 7 సెకన్లు, పక్క గదిలో పావు సెకను! ఈ రెండూ ఒకే కప్పు కింద ఉండటమే కోట స్టూడియోకున్న అసలు విలువ.

తేమ, ఉప్పు, గోడ ఊపిరి

కోటల్లో స్టూడియోలు చెడిపోయేది శబ్దం వల్ల కన్నా తేమ వల్లే ఎక్కువ. సున్నంతో కట్టిన గోడ నీటిని పీల్చి మళ్లీ గాలిలోకి వదులుతుంది. దానిమీద సిమెంటు ప్లాస్టరు పూసినా, ప్లాస్టిక్ పెయింటు వేసినా, రాతినార పలకలు నేరుగా అంటించి పైన పాలిథీన్ కప్పినా ఆ దారి మూసుకుపోతుంది. నీరు లోపలే ఉండిపోయి పైకెక్కుతుంది, దూలాలు గోడలో కూర్చున్న కొసలు కుళ్లుతాయి, రాతినార తడిసి బరువెక్కి జారిపోతుంది, బూజు వాసన మైకుల పెట్టెల్లోకి కూడా చేరుతుంది. పెట్టెను గోడకు ఎడంగా కట్టమన్న రెండో కారణం ఇదే. ఆ ఎడంలో కనీసం 5 సెంటీమీటర్లు ఏమీ నింపకుండా గాలి ఆడనివ్వాలి.

ఎడంలోకి ఏ గాలి వదలాలన్నది ఇంకో మెలిక. మందపాటి రాయి ఋతువు మారినంత తొందరగా వేడెక్కదు. బయట 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి 19 డిగ్రీల రాతిని తాకితే నీరుగా మారడం మొదలవుతుంది. గోడ 17 డిగ్రీల్లో ఉంటే దానిమీద చెమట పట్టినట్టు నీరు కారుతుంది. పైనించి వాన లీకైందనుకుని కప్పు బాగు చేయించేవాళ్లు చాలామంది, తప్పు మాత్రం తెరిచి ఉంచిన కిటికీది. కాబట్టి ఎడంలో రెండు చోట్ల ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్లు పెట్టి, బయటి గాలిలోని నీటి ఆవిరి లోపలికంటే తక్కువున్నప్పుడే ఫ్యాను తిరిగేలా అమర్చాలి.

ఉప్పు ఇంకా మొండిది. నేల నుంచీ, ఒకప్పటి గుర్రపుశాలల నుంచీ గోడల్లోకి ఎక్కిన ఉప్పులు నీటిలో కరిగి ఉన్నంతకాలం హాని తక్కువ. మామూలు ఉప్పు 75 శాతం తేమ దగ్గర గడ్డకట్టడం, కరగడం మధ్య ఊగిసలాడుతుంది. గాలి తేమ ఆ గీతను పదేపదే దాటితే ప్రతిసారీ కొత్త స్ఫటికాలు పుట్టి రాతి పైపొరను పొడిగా రాల్చేస్తాయి. వాద్యాలకు 40 నుంచి 55 శాతం తేమ కావాలి, నిలకడగా కావాలి. అదే గాలిని నేరుగా పాతగోడ మీదికి పంపితే గోడలోని నీరంతా వేగంగా బయటికొచ్చి ఉప్పును పైకి లాగుతుంది. పెట్టె లోపలి గాలి పెట్టెకు, గోడ గాలి గోడకు, రెండూ కలవకూడదు. పెద్ద హాల్లో అయితే వేడిని తొందరపడి పెంచకూడదు. రికార్డింగ్ ఉన్న రోజు మాత్రమే పెద్ద హీటర్లు వేసి మిగతా రోజులు ఆర్పేయడం రాతికీ పియానోకీ రెండింటికీ చేటు.

ఈ కొలతలకు టైము పడుతుంది. గోడ లోతులో తేమ ఎంతుందో, ఏ ఉప్పులున్నాయో, కప్పు నీటిగొట్టాలు బాగుచేశాక ఎంత ఆరిందో ఏడాదంతా చూడాలి. ఆ ఏడాది ఆగలేక ముందే పెట్టె కట్టేసేవాళ్లు మూడో ఏడు దాన్ని విప్పుతారు.

చప్పుడు లేని గాలి

మూసేసిన పెట్టెలో మనుషులూ యంత్రాలూ ఉంటే గాలి కావాలి. ఒక్కో మనిషి సుమారు 100 వాట్ల వేడి విడుస్తాడు, సామగ్రితో కలిపి 3 కిలోవాట్లు అనుకుందాం. గదికంటే 8 డిగ్రీలు చల్లటి గాలితో దాన్ని తీసేయాలంటే సెకనుకు 310 లీటర్లు కావాలి. గాలి చప్పుడు దాని వేగంతో విపరీతంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే 15 నుంచి 18 డెసిబెళ్లు. కాబట్టి గదిలోకొచ్చే చోట వేగం సెకనుకు 1.5 మీటర్లు దాటనివ్వకూడదు, అంటే 46 సెంటీమీటర్ల చదరం డక్టు. మామూలు భవనంలో ఇంత డక్టుకు చోటు వెతుక్కోవాలి. కోటలో ఆ చోటు ముందే ఉంది: పొగగొట్టాలు, మరుగుదొడ్ల బిలాలు. కొత్త కన్నం పొడవకుండా వాటిలోంచే డక్టులు దించవచ్చు. రెండు జాగ్రత్తలున్నాయి. మసి రాలకుండా లోపల వేరే గొట్టం వేయాలి. రెండు గదులు ఒకే పొగగొట్టాన్ని పంచుకుంటే ఒకదాని పాట ఇంకోదానిలో వినిపిస్తుంది, ఒక గదికి ఒక గొట్టమే.

కరెంటు, ఎర్తింగ్, పిడుగు

కొండమీది కనెక్షన్ సాధారణంగా లైను చిట్టచివర ఉంటుంది. వోల్టేజి ఊగుతుంది. ఆన్‌లైన్ యూపీఎస్ (ఎప్పుడూ తనగుండానే కరెంటు నిలకడగా మార్చి ఇచ్చేది) తప్పనిసరి, దాని ఫ్యాన్ల చప్పుడు కోసం వేరే యంత్రాల గదీ తప్పనిసరి.

ఎర్తింగే అసలు తలనొప్పి. 3 మీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీని మెత్తటి మట్టిలో, అంటే 100 ఓమ్-మీటర్ల నిరోధకత ఉన్న నేలలో దించితే 33 ఓమ్‌లు వస్తుంది. అదే కడ్డీ 2000 ఓమ్-మీటర్ల కొండరాతిలో 670 ఓమ్‌లు చూపిస్తుంది, అది కూడా రాయిలో కన్నం తొలచగలిగితే. కడ్డీల సంఖ్య పెంచుకుంటూ పోవడం కంటే, కోట చుట్టూ మట్టి ఉన్న చోటల్లా రాగి పట్టీని పడుకోబెట్టి, చుట్టూ బెంటొనైట్ లాంటి తేమ నిలిపే పదార్థం నింపి వలయంగా కలపడం మేలు. పురావస్తు తవ్వకాలకు అనుమతి లేని నేలయితే ఆ పట్టీ దారి కూడా ముందే ఒప్పించుకోవాలి.

హమ్ (కరెంటు వల్ల స్పీకర్లలో వచ్చే ఎడతెగని మూలుగు) వస్తోందని ఆడియో సామగ్రికి విడిగా ఎర్త్ వేసి, భద్రతా ఎర్త్‌తో తెంచేయమనే సలహా ఇప్పటికీ తిరుగుతోంది. అది ప్రాణాంతకం. పిడుగు పడితే రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టులు లేస్తాయి, వాటి మధ్య ఉండేది గిటారు పట్టుకున్న మనిషి. ఆడియో ఎర్త్ తీగలన్నీ నక్షత్రంలా ఒక్క బిందువుకు తెచ్చి, ఆ బిందువును ప్రధాన ఎర్త్‌కు కలపాలి. మీటరు దగ్గర టైప్ 1, పంపిణీ పెట్టెల్లో టైప్ 2, సామగ్రి దగ్గర టైప్ 3 సర్జ్ రక్షణలు (ఒక్కసారిగా ఎగసే వోల్టేజిని ఆపేవి) వరసగా ఉండాలి. బురుజు నుంచి బురుజుకు రాగి నెట్‌వర్క్ కేబుల్ లాగకూడదు. ఆప్టికల్ ఫైబర్ అయితే పిడుగుకూ హమ్‌కూ రెండింటికీ తావుండదు. మైకు ప్రీయాంప్ హాల్లోనే పెట్టి డిజిటల్‌గా మార్చి ఫైబర్ మీద కంట్రోల్ రూముకు తెచ్చుకోవచ్చు.

కొండల మీద కోటలతో పాటు ప్రసార టవర్లు కూడా ఉంటాయి, రెండూ ఎత్తునే కోరుకుంటాయి కదా. కొనడానికి ముందే, రేడియో తరంగాలను సులువుగా పట్టే సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటారు, ట్యూబ్ యాంప్ తీసుకెళ్లి ప్రతి గదిలో పెట్టి వినాలి. యాంప్‌లోంచి వార్తలు వినిపిస్తే, కంట్రోల్ రూము పెట్టెకు రాగి వల తొడగడానికి అయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించి బేరమాడాలి.

నేలమాళిగ విలువ

కోట ఇచ్చే అతి చవకైన పరికరం ఎకో చాంబర్, అంటే రికార్డు చేసిన శబ్దాన్ని వాయించి దానికి ప్రతినాదం చేర్చే ఖాళీ గది. హాలీవుడ్‌లో కాపిటల్ స్టూడియోస్ వాళ్లు ఇలాంటి గదుల కోసం భూమి లోపల ప్రత్యేకంగా కాంక్రీటు చాంబర్లు కట్టుకున్నారు. కోటలో ఖాళీ నేలమాళిగ ఉంటే పని సగం అయినట్టే. ఒక మంచి స్పీకర్‌ను గది మూలవైపు తిప్పి పెట్టాలి, నేరు శబ్దం మైకులకు అందకూడదు. అవతలి కొసన రెండు ఓమ్ని మైకులు (అన్ని వైపుల నుంచీ శబ్దం పట్టేవి), మధ్య రెండు మూడు మీటర్ల ఎడం. పంపే శబ్దంలో 200 హెర్ట్జ్ కింద కోసేయాలి, లేకపోతే అడుగు బురదలా పేరుకుంటుంది. 20 నుంచి 60 మిల్లీసెకన్ల ఆలస్యం ఇస్తే గాయకుడి మాట స్పష్టంగా ముందు నిలుస్తుంది. పాటలకు రెండు నుంచి నాలుగు సెకన్ల ప్రతినాదం చాలు. నీళ్లు నిలవచేసే పాత తొట్టెలు ఇంకెంతో ఎక్కువ ఇస్తాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్ట్ వార్డెన్ తొట్టెలో ప్రతినాదం 45 సెకన్లు, 1988లో అక్కడ రికార్డింగే చేశారు. అంత పొడవు మామూలు పాటకు పనికిరాదు, దానికోసమే రాసిన సంగీతం కావాలి. ఎక్కువైతే రాతినార నింపిన గోనెలు మూలల్లో పెట్టి తగ్గించుకోవచ్చు, ఇష్టం లేకపోతే తీసేయొచ్చు.

మెట్ల బావులను కూడా వదలకండి. ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రాంజ్ అనే పాత ఇంటి మెట్ల హాల్లో డ్రమ్ములు పెట్టి, పై అంతస్తు నుంచి రెండు మైకులతో లెడ్ జెప్పెలిన్ రాక్ బృందం చేసిన రికార్డింగ్ ధ్వనిని ఇప్పటికీ అనుకరిస్తున్నారు. కోట మెట్లకూ ఆ గుణం ఉండొచ్చు.

అనుమతులు, అగ్ని, పియానో

పాత కట్టడాల చట్టాలు దేశదేశానికి వేరు. వాటి వెనకున్న ఆలోచన చాలాచోట్ల 1964 నాటి వెనిస్ ఒడంబడికదే: కట్టడాన్ని సమాజానికి పనికొచ్చేలా వాడుకోవచ్చు, దాని అమరికనూ అలంకరణనూ మార్చకూడదు. పెట్టెలో పెట్టె పద్ధతికి ఇక్కడా లాభముంది. రేపు విప్పేస్తే కోట ఎప్పటిలాగే ఉంటుందని అధికారులకు చూపించొచ్చు. తప్పనిసరిగా ఏదైనా బిగించాల్సి వస్తే రాతిలో కాదు, రాళ్ల మధ్య సున్నపు కీలులో బిగించాలి, అదీ స్టెయిన్‌లెస్ స్టీలుతోనే. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాతిని చీలుస్తుంది. బురుజుల్లో గబ్బిలాలుంటే చాలా దేశాల్లో వాటిని కదపడం నేరం, పని క్యాలెండరు వాటి పిల్లల కాలాన్ని బట్టి మారుతుంది.

అగ్నిభద్రతకు సౌండ్‌ప్రూఫింగ్ నేరుగా శత్రువు. 50 డెసిబెళ్ల తలుపు వెనక హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి అలారం వినపడదు, ప్రతి గదిలో మెరిసే దీపాలు ఉండాలి. అగ్నిప్రమాద సంకేతం రాగానే స్పీకర్లు, హెడ్‌ఫోన్స్ తమంతట తామే ఆగిపోయేలా కలపాలి. సర్టిఫికెట్ లేని ఫోమ్ వద్దు, రాతినార మండదు. బయటికి ఒకే మెలికల మెట్లు ఉన్న గదిలో బృందగానం పెట్టనే కూడదు. ఫైరింజను కోట ద్వారంలోంచి పడుతుందో లేదో ఒకసారి నిజంగా తెప్పించి చూడటం తప్పు కాదు.

పియానో సంగతి చివరికి వదిలేస్తారు, మొదట చూడాల్సింది అదే. స్టెయిన్‌వే డి మోడల్ పొడవు 274 సెంటీమీటర్లు, బరువు 480 కిలోలు. కాళ్లు తీసి పక్కకు పడుకోబెట్టినా మెలికల మెట్లెక్కదు. కిటికీలోంచి క్రేనుతో ఎక్కించాలంటే క్రేను నిలబడే చోటు, కిటికీ కొలత, కొండదారి మలుపుల వ్యాసార్థం, ద్వారం ఎత్తు అన్నీ సరిపోవాలి. ఏ ఒక్కటి సరిపోకపోయినా పియానో గది ఏదో అదే తేల్చేస్తుంది, నకాశా దాని చుట్టూ సర్దుకోవాలి.

పనివాళ్లు అడుగుపెట్టే ముందు ఇంకొకటుంది, ఖర్చు దాదాపు లేనిది. ప్రతి గదిలో, ప్రతి మెట్ల మలుపులో ఒక స్పీకర్ పెట్టి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా సైన్ స్వీప్ (కింది నుంచి పైకి జారే ఒకే స్వరం) వాయించి, రెండు మైకులతో రికార్డు చేసి, వాటినుంచి ఇంపల్స్ రెస్పాన్స్‌లు (గది ధ్వని స్వభావపు నమూనాలు) తీసి భద్రపరచాలి. తరవాత పెట్టె కట్టడంవల్ల ఏ గది స్వభావం మారినా, పాత గది కంప్యూటర్లో ఉంటుంది. ఏడాదికొకసారి అవే చోట్ల మళ్లీ కొలిస్తే గోడ ఎండిందో తడిసిందో, దిమ్మె కుంగిందో, తలుపు సీలు పోయిందో ఆ రేఖల్లోనే తేడాగా కనిపిస్తుంది. ఆ కొలతలతో పాటు ఎర్త్ నిరోధం, ఎడంలోని తేమ, దిమ్మెల కుంగు ఒకే పుస్తకంలో రాసుకుంటే, ఏదైనా చెడినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.